కారిజము, ఉల్లిపాయలు: గృహస్థు నేర్వదగిన యొక వంట



ముప్పదేండ్లకు పైగా పాఠశాలలో పిల్లలకు సంధులు, సమాసములు, ఛందస్సు బోధించి విశ్రాంతి పొందిన నేను నేడు వంటను గూర్చి మాటలాడ వచ్చితినన్నచో, నన్నెరిగినవారు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. వంటిల్లు ఆడువారిది, ఉపన్యాసము పండితునిది యని మనలో ననేకుల యభిప్రాయము. అరువది రెండేండ్లు నిండువరకు నాకును అదియే యభిప్రాయము. అది యెట్లు మారినదో మొదట చెప్పి, పిదప వంటకు వచ్చెదను.

మూడేండ్ల క్రిందట నా భార్యకు శస్త్రచికిత్స జరిగినది. ఇంటికి తెచ్చిన పిమ్మట ఆమె నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడుచుండెను. నెత్తురు పరీక్షింపగా, 12 గ్రాములకు తగ్గకుండ ఉండవలసిన హీమోగ్లోబిన్ 8 గ్రాములే యున్నదని తేలినది. వైద్యుడు ఇనుము మాత్రలు వ్రాసి యిచ్చి, "మీరు మాంసాహారులే కదా మాష్టారూ, వారానికొకసారి మేక కారిజం పెట్టండి. ఆకుకూరలూ పప్పులూ మానవద్దు" అని చెప్పెను. కోడలు పదునైదు దినములుండి చేసినది. పిమ్మట పిల్లల చదువుల కొరకు పట్టణమునకు పోక తప్పలేదు. ఇంట మేమిద్దరమే మిగిలితిమి. మంచముపై నామె, పొయ్యి ముందు నేను.

మాది వ్యవసాయకుటుంబము. ఇంట మాంసము వండుట క్రొత్త గాదు. కాని యెట్లు వండుదురో నేనేనాడును చూచియెరుగను. విస్తరిలో పడిన తరువాతనే నాకు దానితో పరిచయము. అయినను ఇదియేమి బ్రహ్మవిద్యయా యను ధైర్యముతో మొదలుపెట్టితిని. కారిజము కడిగి, ముక్కలు గోసి, నీరు కారుచుండగనే అన్నింటిని ఒక్కమారుగా వేడెక్కని పెనముపై గుమ్మరించితిని. నీరూరి, ముక్కలు వేగుటకు మారుగా ఆ నీటిలో నుడుకజొచ్చినవి. పచ్చిగా నుండునేమో యను భయముచే అరగంటసేపు దింపనైతిని. మరియొక ప్రక్క పెద్దమంట మీద వేసిన ఉల్లిపాయలు అంచులు మాడి, నడుమ పచ్చిగా నిలిచినవి.

ఆమె యొక ముక్క నోట బెట్టుకొని చాలసేపు నమిలి, "బాగానే ఉందండీ" అన్నది. రెండవ ముక్కను మాత్ర మ్రింగినట్లు నీళ్లతో మ్రింగినది. ఆమె నిద్రించిన పిమ్మట నేను తిని చూచితిని. చెప్పు అడుగునకు వేయు తోలునకు దానికి భేదము లేదు. నలువదేండ్లు రెండు పూటల నాకు వండి పెట్టిన మనిషికి, ఆమె ప్రాణము మీదికి వచ్చిన దినమున, నమలదగిన యొక్క ముద్ద పెట్టలేకపోయితినే యని ఆ రాత్రి నాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని మరువలేదు.

మరునాడు మా వీథిలోనే యున్న యెనుబదేండ్ల పెద్దమ్మగారితో సంగతి చెప్పితిని. ఆమె నవ్వి, "నాయనా, ఓనమాలు రాని పిల్లవాడి చేత పద్యం చదివిస్తావా? ముందు పెనం సంగతి తెలుసుకో. పెనం వచ్చిందా, వంట వచ్చినట్టే" అన్నది. తరువాత నాలుగు వారములు, వారమున కొకమారు, మా వంటింటిలో పీట వేసికొని కూర్చుండి, తాను చేయి పెట్టక, నాచేతనే చేయించినది. మంచి గురువు లక్షణ మదియే కదా.

ఈ సందర్భమున భారతమునందలి నలోపాఖ్యానము నాకు జ్ఞప్తికి వచ్చుచుండెను. రాజ్యమును, భార్యను, రూపమును సైతము కోల్పోయిన నలుడు బాహుకుడను పేరుతో అయోధ్యాధిపతియైన ఋతుపర్ణుని కొలువున నుండెను. పిదప విదర్భకు వచ్చినప్పుడు దమయంతి యతనిని రూపముచే గుర్తింపలేదు. కేశినిని పంపి, అతడు వండిన మాంసమును తెప్పించి రుచి చూచి, ఇది నలుని చేతి వంటయే యని తెలిసికొనెను. ఎన్నోమారులు చెప్పిన పాఠమే యిది. కాని భార్య రుచి చూచి గుర్తుపట్టునంతగా ఒక మహారాజు ఆమెకు వండి పెట్టియుండెననుట నా తలకెక్కినది మాత్రము ఆ వారములందే. నలభీమపాకమని పొగడుదుము. ఆ నలుడును, ఆ భీముడును పురుషులేయని మరచిపోవుదుము.

ఇక వంటకు వచ్చెదను. ఇది యిద్దరికి సరిపడు కొలత. మేక కారిజము 250 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు మూడు, నూనె మూడు చెంచాలు, దంచిన మిరియములు ఒక చిన్న చెంచా, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లపుముక్క, రెండు పచ్చిమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, ఒక నిమ్మచెక్క. ఇంతకు మించి మసాలాలు అక్కరలేదు. రోగి తినునది గనుక కారము తగ్గించినను మేలే.

మొదటిది కారిజమును ఎన్నుకొనుట. మంచి కారిజము ముదురు ఎరుపు కలసిన గోధుమవన్నెతో నిగనిగలాడుచుండును. వ్రేలితో నొక్కినచో పల్లము పడి మరల లేచును. దుర్గంధముండరాదు, జిగురుగా నుండరాదు. పచ్చని మచ్చలు గాని, గడ్డలు గాని కనబడినచో కొనరాదు. ప్రొద్దుట తెచ్చినది ఆ దినముననే వండవలెను. పైనున్న పలుచని పొరను గోటితో లాగివేసి, లోపలి గట్టి నాళములను తీసివేయవలెను. పొర తీయనిచో వేడికి ముడుచుకొని ముక్కను వంకర చేయును. ముక్కలు అరవ్రేలి మందమున, అన్నియు నొకే తీరున గోయవలెను. ఒకటి పలుచన, ఒకటి మందము ఐనచో, ఒకటి యుడుకులోపల రెండవది మాడును.

తరువాతి పని చిన్నది, కాని వంట యంతయు దాని మీదనే నిలిచియున్నది. కడిగిన ముక్కలను శుభ్రమైన పొడిగుడ్డతో అద్ది తడి లేకుండ చేయవలెను. ఏలయనగా, నీరు 100 డిగ్రీల వద్ద మరగును. ముక్కపై తడి యున్నంతసేపు అక్కడి వేడి అంతకు మించి పెరుగదు. పొయ్యి వేడి యంతయు ఆ నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. మాంసమునకు ఎఱ్ఱని వన్నెయు, కమ్మని వాసనయు రావలెనన్నచో పైభాగము సుమారు 140 డిగ్రీలు దాటవలెను. అప్పుడు మాంసకృత్తుల యందలి యంశములును చక్కెరలును కలసి మార్పు చెంది, క్రొత్త రుచులు పుట్టును. ఈ మార్పును 1912లో మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను గనుక ఆయన పేరనే దానిని పిలుచుచున్నారు. రొట్టె కాలినప్పుడు, కాఫీగింజలు వేయించినప్పుడు వచ్చు వాసనలకును ఇదియే మూలము. నా మొదటి వంట చెడుటకు కారణము ఈ తడియే.

ఉప్పును ముందుగా చల్లి యుంచరాదు. ఉప్పు లోని నీటిని పైకి లాగును. తుడిచిన శ్రమ వ్యర్థమగును. ముక్కలను పెనముపై తిరుగవేసిన తరువాతనే ఉప్పు చల్లవలెను.

ఇక పెనము. మందమైన ఇనుప పెనము శ్రేష్ఠము. పలుచని పాత్ర త్వరగా కాగును, చల్లని ముక్క తగులగానే త్వరగా చల్లారును. మందమైన ఇనుము నెమ్మదిగా కాగినను, పట్టిన వేడిని విడువదు. అట్లు పోసి పోసి నలుపెక్కిన మీ యింటి పాత పెనమే దీనికి చాలును. పని ముగిసిన పిమ్మట దానిని కడిగి, పొయ్యిపై నారబెట్టి, రవంత నూనె రాచి యుంచవలెను. తడితో వదలినచో త్రుప్పు పట్టును.

ఉల్లిపాయలను సన్నని చీలికలుగా తరుగవలెను. కంట నీరు వచ్చునని భయపడువారికి ఒక మాట. ఉల్లిలో గంధకము కలసిన యొక పదార్థమును, దానిని మార్చు కిణ్వములును వేరువేరు అరలలో నుండును. కత్తి తగిలి అరలు చితికినప్పుడు అవి కలసి కంటిని మండించు వాయువు పుట్టును. మొద్దుకత్తి ఎక్కువ చితుకగొట్టును. పదునైన కత్తి తక్కువ చితుకగొట్టును. కావున కత్తిపీటకు సాన పెట్టించుటయే మందు.

పెనముపై రెండు చెంచాల నూనె వేసి, సన్నని సెగపై ఉల్లిచీలికలు వేసి, చిటికెడు ఉప్పు చల్లవలెను. ఇచ్చట ఉప్పు మొదటనే మంచిది, ఏలయనగా ఉల్లి లోని నీరు పోవుటయే మనకు కావలసినది. ఉల్లిపాయ తూకములో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి నీరే. అది యింకిపోవుటకు కాలము పట్టును. మొదట మెత్తబడును, తరువాత అద్దమువలె తేటపడును, తరువాత పసిమి యెక్కును, తుదకు తేనెవన్నెకు వచ్చును. దీనికి ఇరువది నిమిషములు పట్టును. మంట పెంచి ఐదు నిమిషములలో సాధింప జూచితిమా, పైన మాడుట, లోన పచ్చిదనము! నాకిది చాల కష్టముగా తోచినది. పెద్దమ్మగారు నా చేయి మంట మీటపైకి పోయినప్పుడెల్ల, "మాష్టరూ, పిల్లలు నేర్చుకునేదాకా ఆగేవాడివి కాదూ? ఉల్లిపాయ దగ్గరా ఆగు" అనుచుండెను. వెల్లుల్లి, అల్లము దంచినది, పచ్చిమిరపకాయలు, కరివేపాకు తుదనే వేయవలెను. అవి త్వరగా మాడును. ఒక నిమిషము కలిపి, అన్నిటిని వేరొక గిన్నెలోనికి తీయవలెను.

ఇప్పుడు అదే పెనమును పెద్దమంటపై బాగుగా కాచి, ఒక నీటిబొట్టు చల్లి చూడవలెను. అది సుయ్యిమని అంటుకొని యెండిపోయినచో వేడి చాలలేదు. ముత్యమువలె ఉండకట్టి పెనముపై పరుగులిడినచో వేడి చాలినది. ఆ బొట్టును తుడిచి, మిగిలిన చెంచా నూనె వేసి, పసుపు అద్దిన ముక్కలను ఒకదాని కొకటి తగులకుండ పరువవలెను. పెనము నిండిపోయినచో సగమే వేసి, రెండవ సగము తరువాత వేయవలెను. వేసిన పిమ్మట కదల్పరాదు. మొదట అంటుకొన్న ముక్క, వన్నెపట్టగానే తానే పెనమును విడుచును. రెండు మూడు నిమిషముల తరువాత అట్లకాడతో తిరుగవేసి, ఉప్పు చల్లి, మంట కొంచెము తగ్గించి, మరి రెండు మూడు నిమిషములుంచవలెను. ఒక ముక్కను చీల్చి చూచినచో లోపల నెత్తురు కనబడరాదు. రసము తేటగా నుండవలెను. అంతవరకు ఉడికియే తీరవలెను. ఏలయనగా పచ్చికారిజములో రోగక్రిములుండవచ్చును. అంతకు మించి ఉంచరాదు. ఏలయనగా వేడి హెచ్చిన కొలది మాంసకృత్తులు ముడుచుకొని లోని నీటిని పిండివేయును. అప్పుడే తోలు తయారగును.

ఇచ్చట పండితుల పొరపాటొకటి చెప్పెదను. పెద్దమంటపై మొదట కాల్చినచో పైభాగము గట్టిపడి, లోని రసమును మూత వేసినట్లు బంధించునను నభిప్రాయము 1847లో లీబిగ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుని వలన లోకమునకు వ్యాపించినది. తరువాతి వారు మాంసమును ముందును వెనుకను తూచి చూడగా, అది నిజము గాదని తేలినది. పెద్దమంట రసమును బంధింపదు, రుచిని పుట్టించును. రసమును నిలుపునది సకాలమున దించుటయే.

ముక్కలు వేగిన పిమ్మట గిన్నెలోని ఉల్లిపాయలను మరల పెనముపై వేసి, రెండు చెంచాల నీరు చల్లి, పెనమున కంటుకొనిన ఎఱ్ఱని సారమును అట్లకాడతో గీకి కలపవలెను. వంట రుచి సగము అక్కడనే యున్నది. మిరియములపొడి చల్లి, దింపి, రెండు నిమిషములు ఆగి, వడ్డించిన తరువాత నిమ్మరసము పిండవలెను. ఇనుప పెనముపైననే పులుపు వేసినచో కూర నల్లబడి కసరుగా నుండును. వేడి యన్నము, చారు, ఈ వేపుడు. ఇంకొక పదార్థ మక్కరలేదు. ఉల్లిపాయలు తరుగుట మొదలు వడ్డన వరకు ముప్పావుగంట పని.

ఈ కారిజమునకు నెత్తురుతో గల సంబంధము వట్టి నమ్మిక గాదు. పూర్వము ప్రాణాంతకముగా నుండిన యొక పాండురోగమునకు కారిజము తినిపించి నయము చేయవచ్చునని 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ యను వైద్యులు చూపిరి. అంతకు ముందు కుక్కలపై పరిశోధన చేసిన విప్పుల్‌తో కలిపి, 1934లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఆ కాలముననే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీల రక్తహీనతను పరిశీలించి, దానిని మాన్పు గుణము ఈస్టు సారములో గలదని 1931లో ప్రకటించెను. ఆ గుణము గల పదార్థమే ఫోలిక్ ఆమ్లమని పిదప తెలిసినది. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. సోదరులను గ్రహణివ్యాధి పొట్టన బెట్టుకొనగా చూచిన యాయన, ఏండ్ల తరబడి కారిజపు సారమును శోధించిన వారిలో నొకరు. ఆయన 1948లో గతించిరి. ఆ 1948లోనే కారిజము నుండి బి12 విటమినును వేరుచేసిరి. మన పెద్దలు బాలింతకును, జ్వరము పడి లేచినవానికిని కారిజము పెట్టుట వెనుక నున్న హేతువును శాస్త్రము ఇట్లు బయల్పరచినది.

అయితే మంచిదని యెక్కువ తినరాదు. దీనిలో ఏ విటమిను మిక్కుటముగా నుండును; అది హద్దు మీరినచో గర్భస్థశిశువునకు హాని. కావున గర్భిణులు దీనిని మానుటయే మేలు. వారికి వైద్యులిచ్చు మాత్రలే శరణ్యము. కీళ్లవాతమున యూరిక్ ఆమ్లము పెరిగినవారును, కొలెస్టరాల్ ఎక్కువగలవారును వైద్యుని యడిగియే తినవలెను. ఆరోగ్యవంతునకైనను వారమున కొక్కసారి చాలును. భోజనముతో కాఫీ, టీలు త్రాగినచో ఆకుకూరలలోని ఇనుము సరిగా వంటబట్టదు. నిమ్మరసము తోడైనచో బాగుగా వంటబట్టును.

శాకాహారులు ఈ ప్రసంగము తమకు గాదని అనుకొనవలదు. ముందుగా ఉడికించి ఆరబెట్టిన కందముక్కలతో ఇదే వంట చేయవచ్చును. తడి తుడుచుట, పెనము కాచుట, ముక్కలను ఎడముగా పరచుట, ఉల్లిని నెమ్మదిగా వేయించుట, ఈ నాలుగు సూత్రములును మారవు. ఉల్లి తినని యింట ఉల్లి మానినను మూడు సూత్రములు మిగులును.

పెద్దమ్మగారి చదువులో నాలుగవ వారమున నా భార్య, నేను వడ్డించిన ముక్కలన్నియు తిని, "ఇంకొక రెండు ఉన్నాయా?" అని యడిగినది. మొదటి దినమున "బాగానే ఉందండీ" యన్న మాటకును, ఈ ప్రశ్నకును గల భేదమును నేను మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఐదు నెలలకు ఆమె హీమోగ్లోబిన్ 11 గ్రాములు దాటినది. అది మాత్రల మహిమయే కావచ్చును, ఆకుకూరల మహిమయు కావచ్చును. నా వంటదే గొప్పయని నేననను. ఇప్పుడామె ఆరోగ్యముగా నున్నది. ఐనను ఆదివారపు రాత్రి పొయ్యి నాదే.

గ్రామపెద్దలారా! మనయిండ్ల పిల్లలు పనుల కొరకు దూరదేశములు పోవుచున్నారు. అనేకుల యిండ్లలో ఇద్దరు వృద్ధులే మిగులుచున్నారు. ఆ యిద్దరిలో వండగలవారొక్కరే యైనచో, వారు మంచమెక్కిన దినమున ఇల్లంతయు మంచమెక్కినట్లే. ఇల్లాలు మనలను విడిచి ముందుగా పోయినచో, మిగిలినవాని దురవస్థ మీరెన్నియో యిండ్లలో చూచియే యుందురు. పొలము దున్నుట, పద్దు వ్రాయుట, తగవు తీర్చుట నేర్చిన చేతికి ఒక్క పూట వంట నేర్చుట కష్టము గాదు. దానికి ఆపద వచ్చువరకు ఆగవలదు. ఇల్లాలు ఆరోగ్యముగా నున్నప్పుడే, ఆమెను పీటపై కూర్చుండబెట్టి, ఆమె చెప్పుచుండగా చేసి నేర్చుకొనుడు. మొదటి దినమున చెడినను ఆమె నవ్వి ఊరకొనును. రోగియై యున్నప్పుడు చెడినచో, పాపము, బాగున్నదని చెప్పి నీళ్లతో మ్రింగును. అది మనకు రావలసిన ప్రశంస గాదు.